శానా సప్పగుండాది

రిటైరైన మూడో నెలలో నేను మా కాలనీ వాట్సాప్ గ్రూపుకు భోజన శాఖామంత్రినయ్యాను. ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ ప్రమాణం చేయించలేదు. కడప బైపాసు పక్కన కొత్తగా వేసిన మా లేఅవుట్‌లో ఇళ్ళకంటే ముందు హోటళ్ళు లేచాయి. వాటిలో ఎక్కడ ఏం తినొచ్చో, ఏం తినకూడదో చెప్పడానికి ఒకడుండాలి కదా అని నాకు నేనే అనుకున్నాను.

ముప్పై ఏళ్ళు ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా చూసినవాణ్ణి. లారీ కాటా ఎక్కిందంటే ఎంత బరువో నేను చెప్పిందే మాట. డ్రైవర్లు అరిచేవాళ్ళు, దండాలు పెట్టేవాళ్ళు, నేను చెప్పిన అంకె మాత్రం మారేది కాదు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? లారీలు పోయి ప్లేట్లు వచ్చాయి, అంతే.

పొద్దున్నే నడక పేరు చెప్పి బయల్దేరేవాణ్ణి. లేఅవుట్ గేటు దగ్గర బొరుగుల ఉగ్గాని బండి ఉండేది. ఉగ్గానితోబాటు ఇచ్చే బజ్జీ కొరికి చూసి, "బజ్జీలో మిరపకాయ ఉంది, మిరపకాయలో మాత్రం ఏమీ లేదు" అని గ్రూపులో రాశాను. బైపాసు మీది కారం దోసె తిని, "ఎర్రగా కనిపించేది కారం కాదు, రంగు" అని రాశాను. ఏసీ పెట్టి, లైట్లు తగ్గించి, ఏం తింటున్నామో మనకు కనిపించకుండా జాగ్రత్తపడిన పెద్ద హోటలొకటి ఉంది. "ఇక్కడ కూరకంటే మెనూ కార్డు రుచిగా ఉంది" అని తేల్చేశాను. రాసిన ప్రతిదాని కిందా చప్పట్ల బొమ్మలు పడేవి. అవి చూసుకుంటూ మధ్యాహ్నం దాకా కాలం గడిపేవాణ్ణి.

నా సిద్ధాంతం ఒక్కటే. ఈ కాలం మిరపకాయల్లో పస లేదు. హైబ్రిడ్ విత్తనాలు, పురుగుమందులు, కోల్డ్ స్టోరేజీలు కలిసి కారాన్ని చంపేశాయి. అసలైన కారం ఇంకా బతికున్నది ఒక్క మా ఇంట్లోనే. అది మా ఆవిడ పుట్టిల్లు ఆలూరు నుంచి వచ్చే మిరపకాయల గొప్పతనం. ఇదంతా నేను వచ్చినవాళ్ళకు చెబుతుంటే మా ఆవిడ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది. పొగిడితే సిగ్గనుకున్నాను.

అలాంటి రోజుల్లో మూడో వీధిలో ఒకామె తన ఇంటి ముందుగదిలో సంగటి మెస్ పెట్టింది. నాలుగు బల్లలు, ఒక నీళ్ళ డ్రమ్ము, గోడ మీద చేత్తో రాసిన బోర్డు. భర్త లారీ మీద నుంచి పడి నడుము విరిగి మంచం పట్టాడు. ఇక ఆ ఇల్లు నడవాలంటే ఆ పొయ్యి వెలగాలి. ఈ సంగతి కాలనీలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా నేను నా తీర్పులు నేను ఇచ్చుకుంటూ పోయాను.

మొదటిరోజు వెళ్ళి కూర్చున్నాను. వేడి సంగటి ముద్ద, దాని నడుమ గుంట చేసి నెయ్యి, గిన్నెలో నాటుకోడి పులుసు, పక్కన వేరుశనగ ఊరుబిండి. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఎట్లుండాదన్నా?"

"సంగటి బాగుండాదమ్మా. పులుసే రోంత సప్పగుండాది."

మా సీమలో వండిన మనిషితో ఉప్పెక్కువైందంటే సర్దుకుంటుంది. మాడిందంటే నవ్వేస్తుంది. సప్పగుందంటే మాత్రం తట్టుకోలేదు. ఆమె ముఖం చిన్నబోయింది. నేను చూశాను, చూసి కూడా మంచిదే, నేర్చుకుంటుంది అనుకున్నాను.

రెండోసారి వెళ్ళేసరికి, "ఈ పొద్దు కారం రెండు గంటెలు ఎక్కువేసినాన్నా" అంది. తిని, "దారిలో పడినావు, ఇంకా రోంత పడాల" అన్నాను. మూడోసారి ఇంకో గంటె పడింది. నాలుగోసారి లెక్కపెట్టడం ఆమె మానేసింది. అప్పుడు కూడా నాకు చప్పగానే ఉంది.

నా చుట్టూ ఏం జరుగుతోందో నాకు కనిపించకపోలేదు. లారీ డ్రైవర్లు రెండో ముద్దకే లేచి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఒకాయన కుళాయి కింద తలకాయ పెట్టేశాడు. ఇంకొకాయన తువ్వాలతో కళ్ళు, ముక్కు తుడుచుకుంటూ, "ఏమప్పా, ఎవురో సచ్చిపోయినట్లు అందరం కూసోని ఏడుస్తాండామే?" అన్నాడు. సీమ మనుషులు కూడా ఇంత సుకుమారమైపోయారే అని నేను మనసులో బాధపడ్డాను. నేనొక్కణ్ణే చెమట చుక్క లేకుండా గిన్నె ఖాళీ చేసి, మారు అడిగి తినేవాణ్ణి.

నెల తిరిగేసరికి నాలుగు బల్లల్లో నాదొక్కటే నిండేది. ఒకరోజు ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"జనం రాకుండా పోయినారన్నా. ఈ నెలాఖరుకు మూసేద్దామనుకుంటాండా. యాడ తప్పు చేస్తాండానో నువ్వన్నా చెప్పు."

"కారమే తల్లీ" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా. "ఆదివారం మా ఆవిణ్ణి పిల్చుకొస్తా. కారం ఎట్లుండాల్నో ఆమె చెప్తుంది."

మా ఆవిడ రానంది. బట్టలున్నాయంది, మోకాలు నొప్పంది. నేను వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమెను ఆ బల్ల ముందు కూర్చోబెట్టి, పంతులు శిష్యురాలికి పాఠం చూపించినట్టు మెస్ ఆమెను పక్కన నిలబెట్టాను. మా ఆవిడ సంగటి తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుంది.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కళ్ళు. తర్వాత వెక్కిళ్ళు మొదలయ్యాయి. మెస్ ఆమె లోపలికి పరిగెత్తి మజ్జిగ తెచ్చింది. మా ఆవిడ రెండు గ్లాసులు గటగటా తాగి, ఊపిరి తీసుకుని, నా వైపు చూసింది.

"ఏమయ్యా, దీన్నా నువ్వు సప్పగుండాదంటివి?"

"ఉండాది గదా."

ఆమె నాతో మాట్లాడటం మానేసి మెస్ ఆమె వైపు తిరిగింది.

"మ్మా, ఈ మనిషి మాట పట్టుకోని వండుతాండావా నువ్వు? పోయిన చలికాలం జరమొచ్చి పోయినప్పట్నుంచి ఈయన నాలిక సచ్చిపోయిండాది. ఏమీ తెల్దు. ఇంట్లో ఈయనకు వేరే గిన్నె. నా కూరలో ఒక చెంచా కారం ఏసుకుంటే ఈయన దాంట్లో నాలుగేస్తా."

నాకు కోపం తన్నుకొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతావా? ముప్పై ఏండ్లు కాటా కాడ కూసున్నోడివి. లారీదే తప్పంటావుగానీ కాటాది తప్పని ఎప్పుడన్నా అంటివా?"

నేను ఓడిపోదల్చుకోలేదు. పచ్చిమిరపకాయ తెమ్మన్నాను. మెస్ ఆమె తెచ్చింది. తొడిమ దాకా నమిలాను. ఇద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు. మంట వచ్చింది, రాలేదని కాదు. ఎక్కడో పక్కింట్లో ఎవరికో మండుతున్నట్టు వచ్చింది. ఇంకొకటి నమిలాను. అదీ అంతే. నాకు భయమేసింది. ఇంట్లో ఏడాదిగా నేను మెచ్చుకుంటూ తిన్నదేమిటో నాకే తెలియదన్నమాట.

మెస్ ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె మెల్లగా బల్ల దగ్గర కూర్చుంది.

"నా చెయ్యే పోయిందనుకుంటినన్నా" అంది. "కారం ఎక్కువైందని నాకు తెలుస్తానే ఉండె. నా నోరు మండుతానే ఉండె. అయినా పెద్దోడివి, అందరూ నీ మాట ఇంటారు గదా, నా నోరే తప్పేమో అనుకుంటి. ఇరవై ఏండ్లుగా వండుతాండా, ఈ నెలరోజులూ ఉప్పు కూడా చెంచాతో కొలిచి కొలిచి ఏస్తాంటి."

నాలుక పోయినవాణ్ణి నేనే, నమ్మకం పోగొట్టుకున్నది ఆమె. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్కడే కూర్చుని ఫోను తీసి గ్రూపులో రాశాను: "మూడో వీధి మెస్‌లో తప్పు కూరది కాదు, నా నాలుకది. ఇంతవరకూ నేను రాసినవి ఎవరూ నమ్మొద్దు." మొదటిసారి చప్పట్లు పడలేదు. నవ్వే బొమ్మలు మాత్రం సాయంత్రం దాకా పడుతూనే ఉన్నాయి. గేటు దగ్గర ఉగ్గాని బండాయన పిలిచి మరీ నవ్వాడు.

ఆ నవ్వులే మెస్‌కు జనాన్ని తెచ్చాయి. ఆమె పాత కొలతకు దిగింది. రెండు వారాల్లో బల్లలు నిండాయి. డ్రైవర్లు నీళ్ళ డ్రమ్ము దగ్గరికి మామూలుగా నడుచుకుంటూ వెళ్ళడం మొదలుపెట్టారు. ఆమె ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఎవరి ముఖమూ చూడదు. గంటెతో చుక్క తీసి అరచేతిలో వేసుకుని, నాకి, సరిపోయిందని తలూపి పులుసు దించుతుంది.

ఆదివారాలు నేనూ మా ఆవిడా అక్కడికే వెళ్తాం. నా గిన్నెలోనూ అందరి పులుసే. నాకది వేడిగా ఉందని తెలుస్తుంది, మెత్తగా ఉందని తెలుస్తుంది, అంతకుమించి తెలియదు. అందుకే తినే ముందు ఆగి, "ఎట్లుండాది?" అని అడుగుతాను. మా ఆవిడ నిదానంగా నమిలి, ఈ పొద్దు ధనియాలు రోంత ముందుకొచ్చినాయని, తెల్లగడ్డ బాగా ఏగిందని, కారం ఒక ముద్ద పోయినాక అందుకుంటాండాదని చెబుతుంది. ఆమె చెబుతుంటే నాకు నోరూరుతుంది.