బొట్టు పెట్టిన తలుపు

ఒక తలుపు బొట్టు వల్ల పూటంతా తెరుచుకుని ఉండిందంటే, మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. వాళ్లకు కార్డుల కాలమే తెలియదు. ఆ బొట్టు పెట్టిన అక్క కూడా ఇప్పుడు ఈడ లేదు. నేను రాయకపోతే ఆ తలుపు వెనక గదిలో మేము ఏం చేసేవాళ్లమో ఎవరికీ తెలియకుండా పోతుంది. పేర్లు మాత్రం వద్దని అక్క మాట తీసుకుంది.

కడపలో ఒక ప్రైవేటు ఆఫీసులో నేను అటెండర్ని. ఏడో తరగతితో బడి మానేసినా, శాఖా గ్రంథాలయంలో తెలుగు బీరువాలన్నీ పై అర నుంచి కింది అర దాకా చదివినవాణ్ని. మా ఆఫీసు రెండో అంతస్తులో కూడా ఒక పుస్తకాల గది ఉంది. అందరి మెడల్లోనూ తలుపులు తెరిచే ఒకే రకం కార్డు ఉన్న రోజుల్లో ఆ గది నాకూ తెరుచుకునేది, ఊడ్చే అక్కకూ తెరుచుకునేది. కార్డు లోపల వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్టి ఉంటుందని ఒక పుస్తకంలో చదివి అక్కకు చెప్పాను.

"రాగి ఉండాదా? అయితే ఒంటికి మంచిదేలే" అని ఇంటికి పోయేటప్పుడు కూడా మెడలోంచి తీసేది కాదు.

అక్కకు చదువు రాదు. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆ గదిలో నేను నవల చదివేవాణ్ని, ఆమె కిటికీ కింద కాళ్లు చాపుకుని వినేది. చెరువు తెగి ఊరు చెల్లాచెదురైనప్పుడు తప్పిపోయిన ఒక పిల్ల కథ అది.

"ఆ పిల్ల ఇల్లు చేరిందా లేదా, అది చెప్పు."

"నాకూ తెలీదక్కా."

"నాకు తెలీకుండా ముందే చదివినావంటే చూడు!"

చదవనని మాటిచ్చాను.

ఇంకా మూడు అధ్యాయాలు ఉన్నాయనగా కార్డులు పోయి ఫోన్లు వచ్చాయి. ఫోన్లో వచ్చే క్యూఆర్ గళ్ల బొమ్మను తలుపు పక్కనున్న చిన్న గాజు కన్నుకు చూపాలి. నా ఫోనుకు కింది అంతస్తు తలుపులే ఇచ్చారు. అక్కది బటన్ల ఫోను, ఆమెకు ఏ తలుపూ లేదు. ఊడ్చే వేళకు సెక్యూరిటీ అన్న తాళంతో తీసి, ఊడ్చగానే వేసేవాడు. మేనేజరు సారును అడిగాను.

"పుస్తకాల గది నీకెందుకప్పా? టీ చల్లారిపోతాంది, పో" అన్నాడు.

ఆయుధ పూజ వచ్చింది. యంత్రాలన్నిటికీ పసుపు కుంకుమ పెట్టే పని ఎప్పటిలాగే అక్కది. జిరాక్సు మిషనుకు, లిఫ్టుకు పెట్టి, పుస్తకాల గది తలుపు పక్కన ఆ గాజు కన్నున్న పెట్టెకు కూడా పెట్టింది. సరిగ్గా గాజు కంటి మీద! ఎంత పెద్ద ఫోను చూపినా తలుపు కదల్లేదు.

"ఏం పనమ్మా ఇది?" అన్నాడు మేనేజరు సారు.

"దానికి అదొక్కటే కన్ను సార్. నుదురు యాడుందో నాకు తెలీలా."

అందరూ నవ్వారు. తుడవడానికి మాత్రం ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. పండగపూట పెట్టిన బొట్టును ఎవరు తుడుస్తారు? చివరికి ఆయనే, "రేపు చూద్దాంలే. అందాక తెరిచి పెట్టండి" అన్నాడు. సెక్యూరిటీ అన్న తాళం తీసి స్టూలు అడ్డం పెట్టాడు.

బొరుగులు, బెల్లం పంచుకుని మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయారు. మేమిద్దరం కిటికీ కింద కూర్చున్నాం. రెండు అధ్యాయాలు గొంతు ఆరేదాకా చదివాను. పిల్ల ఏరు దాటి ఊరి పొలిమేరకు వచ్చింది. అంతలో సెక్యూరిటీ అన్న తాళాలు ఆడిస్తూ వచ్చాడు.

"ఇంగ చాలు తమ్ముడూ. రేపు చూద్దాం" అంది అక్క.

మరునాడు టెక్నీషియను తడిగుడ్డతో బొట్టు తుడిచేశాడు. తలుపు పడింది. మోకాళ్ల నొప్పులతో అక్క ఆ నెలలోనే పని మాని రాజంపేటలో చెల్లెలింటికి పోయింది. అదే పుస్తకం గ్రంథాలయానికి కొత్తగా వస్తే ఇంటికి తెచ్చుకుని అక్కకు ఫోను చేశాను, చదివి వినిపిస్తానని.

"ఫోన్లో వద్దప్పా. నువ్వు పేజీ తిప్పే చప్పుడు వినపడదు. వచ్చి చదువు."

ఇప్పటికీ మధ్యాహ్నం సంగటి తిన్నాక నా కాళ్లు వాటంతటవే మెట్లవైపు పోతాయి. చివరి అధ్యాయం దగ్గర నా పాత కార్డు గుర్తుగా పెట్టాను. ఇంకా తెరవలేదు.

స్టూలు అడ్డం పెట్టిన సెక్యూరిటీ అన్నకు, పండగ బొట్టు తుడిపించని మేనేజరు సారుకు, పుస్తకం గడువు రెండుసార్లు పొడిగించిన గ్రంథాలయం మేడంకు నా దండాలు. అక్కకు మాత్రం ఈ కాగితంలో చెప్పను. ఆదివారం పొద్దున బస్సుకు పోతున్నాను.