సాయమ్మ పేరు మీద నా ఈసీజీ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరైన మాట కాదేమో. దాని మీదే నిలబడి ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, ఇప్పుడు వికారాబాద్‌లో ఈసీజీ నేర్చుకునే పిల్లలకు పాఠం చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో తాండూరులో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీలు తీసేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కాగితం మీద గీత చూసి గుండె నడక చెప్పగలనని నాకు గర్వం. ఒకరోజు ఒక ముసలాయన గీతంతా వణుకుతూ కనిపిస్తే, ఓపీ మధ్యలో ఉన్న డాక్టరు గారిని పరుగున పిలుచుకొచ్చాను. ఆయన పేషెంటు మణికట్టు పట్టుకుని చూశారు. నాడి నిలకడగా ఉంది. వణికింది ముసలాయన చెయ్యి. చెయ్యి వణికితే గుండె వణికినట్టా అని నర్సులందరి ముందు నన్ను అడిగారు. అందరూ నవ్వారు. జరిగింది అంతే.

ఆ తర్వాతి వారం సాయమ్మ వచ్చింది. బొంరాస్‌పేట దగ్గరి పల్లె, కూలి పని, వయసు అరవై దాటి ఉంటుంది. గుండె దడగా ఉంటోందని కూతురు అనంతమ్మ తీసుకొచ్చింది. డాక్టరు గారు ఆరోజు వికారాబాద్‌లో ఏదో మీటింగుకు పోయారు. నేను ఈసీజీ తీశాను.

గీతలో నిటారుగా లేచే మొనల మధ్య దూరం ఎక్కడా సమానంగా లేదు. ఒక కాగితం అంచు మీద మూడు మొనలకు గుర్తులు పెట్టి, పక్కకు జరిపి చూశాను. కలవలేదు. మళ్లీ జరిపాను. కలవలేదు. ప్రతి మొనకు ముందు ఉండాల్సిన చిన్న ఉబ్బు కూడా లేదు. మణికట్టు పట్టుకుంటే నాడీ అలాగే తడబడుతోంది. గుండె పై గదులు సరిగా కొట్టుకోకుండా వణికే జబ్బు అది. లోపల రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. రాకుండా చూసుకోవడానికి మందు ఉంది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. రిథమ్ ఎట్లుందని అడిగారు. నిజం నోటి దాకా వచ్చింది. మళ్లీ తప్పయితే? మళ్లీ అందరూ నవ్వితే? రెగ్యులరే సార్ అన్నాను. ఫోటో పెట్టమని కూడా ఆయన అడగలేదు, నా మాట చాలనుకున్నారు. గ్యాస్ మాత్రలిచ్చి పంపమన్నారు. పనికి పోవచ్చా అని అనంతమ్మ అడిగితే, పోవచ్చని చెప్పాను.

పన్నెండు రోజులకు సాయమ్మను ఆటోలో తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. డాక్టరు గారు నాడి పట్టి చాలాసేపు చూశారు. పాత ఈసీజీ తెమ్మన్నారు.

ఇప్పుడు రాయబోయేది నా భార్యకు కూడా తెలియదు.

ఈసీజీ గదిలోకి పోయి గడియ పెట్టాను. ఫైల్లోంచి సాయమ్మ కాగితం తీసి ముక్కలు ముక్కలుగా చింపేశాను. చొక్కా విప్పి, నా చేతులకూ కాళ్లకూ క్లిప్పులు పెట్టుకుని, ఛాతీకి రబ్బరు బుడ్డలు అంటించుకుని, బటన్ నొక్కాను. అది పాత మెషీను. పేరు, తేదీ పెన్నుతో రాసేవాళ్లం. సాయమ్మ అని రాశాను. పన్నెండు రోజుల కిందటి తేదీ వేశాను. రాస్తున్నప్పుడు నా చెయ్యి వణకలేదు. అన్నిటికన్నా నాకు సిగ్గు దానికే.

డాక్టరు గారు ఆ కాగితం చూసి, అప్పుడు కొంచెం వేగంగా ఉన్నా రెగ్యులరేనని, జబ్బు ఆ తర్వాతే మొదలై ఉంటుందని అనంతమ్మకు చెప్పారు. ఆ వేగం నా భయానిది. హైదరాబాద్ తీసుకుపొమ్మని రాసిచ్చారు. అంబులెన్స్ కోసం చూస్తూ అనంతమ్మ నన్ను వరండాలో ఆపింది.

"సారూ, కంది కోతకు నేనే తోలిన. శాతనైతలేదు అన్నా ఇనలే. ఇంట్ల ఉంచితే గిట్ల కాకపోవునా?"

"ఏమో అక్కా," అన్నాను. "పనికి పోకుంటే మంచిగుండు."

పోవచ్చని చెప్పింది నేనే. ఆమె ఆ మాట గుర్తు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఆమె తన మీద వేసుకుంటున్న నేరాన్ని ఇంకాస్త గట్టిగా ఆమె మీదే మోపి, టీ తాగడానికి పోయాను.

సాయమ్మ నాలుగేళ్లు మంచంలోనే ఉండి చనిపోయిందని తర్వాత విన్నాను. ఏటా ఆ రిథమ్ పాఠం వచ్చినప్పుడు, కాగితం అంచు మీద గుర్తులు పెట్టి జరపడం పిల్లలకు చూపిస్తాను. అనుమానముంటే నోరు తెరిచి చెప్పండి, నవ్వేవాళ్లను నవ్వనివ్వండి అంటాను. ఆ మాట చెప్పే హక్కు నాకుందా? చెప్పకపోతే అది ఇంకో తప్పు కాదా? ప్రతి ఏడూ ఇవే ప్రశ్నలు వేసుకుని ఇంటికి పోయేవాణ్ణి. అనంతమ్మ దగ్గరికి మాత్రం పోలేదు.

పోయిన నెల పోయాను. గుర్తుపట్టింది, కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నేను చూసినదీ, దాచినదీ, చింపినదీ, నా గీత మీద వాళ్లమ్మ పేరు రాసినదీ, అన్నీ చెప్పాను. అర్థమైందో లేదోనని ఇంకోసారి చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"అయితే నేను చేనుకు తోలినందుకు గాదా?"

"కాదు. నేను నిజం చెప్పుంటే మందు పడేది. ఇట్ల కాకపోతుండెనేమో."

నాకు వేసిన కుర్చీలో తనే కూర్చుంది.

"అమ్మను నేనే మంచాల పడేసిన్నని మా తమ్ముడు నాతోని మాట్లాడ్తలేడు. తొమ్మిదేండ్లాయె." లేచి నిలబడింది. "ఇగ నువ్వు పో."

సారూ అనలేదు. తమ్ముడు ఉండే ఊరు అడగబోయాను. తలుపు వేసుకుంది.

ఆ తమ్ముడికి చెప్పాలి. డాక్టరు గారికి చెప్పాలి. ఇది చదివితే నేనెవరో ఆయన పోల్చుకుంటారు, పోల్చుకోనీ. సాయమ్మ గుండె బాగాలేదని నాకు తెలుసు. తెలిసే బాగుందన్నాను. ఇలా రాసినంత మాత్రాన ఎవరూ నన్ను క్షమించనక్కర్లేదు. ఊపిరి మాత్రం లోపలి దాకా పోతోంది.