గురవమ్మ మొక్కిన పేరు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక వీధుల్లో బొరుగుల బట్టి గురవమ్మ అంటే తెలియనివాళ్ళు ఉండేవారు కాదు. మనిషి పొట్టి, నోరు పొడుగు. పొద్దు పొడవకముందే బట్టి ముట్టించి, కాగిన ఇసుకలో బియ్యం పోసి గరిటె తిప్పిందంటే బొరుగులు పొంగి అంచు దాటేవి. కొలతలో మోసం చేసేది కాదు. మాటలో మెత్తదనం చూపేది కాదు. అరువడిగినవాడు రెండోసారి ఆ వీధిలోకి వచ్చేవాడు కాదు.

అలాంటి మనిషి మొగుడి ముందర ఒక్కసారి ఓడిపోయింది. ఆ ఓటమిని ఆమె ఎలా తీర్చుకుందో ఆ వీధి ఆడవాళ్ళు చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. వాళ్ళ మొగుళ్ళు విననట్టు నటించారు.

మొగుడు ఆదిమూలం జట్కా తోలేవాడు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు పొయ్యిని వీపున మోసుకుని దగ్గుకుంటూ నడిచేవి. రైలు దిగిన జనం జట్కాల కోసం ఎగబడేవాళ్ళు. ఆదిమూలం అందగాడు, ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. తలకు వాసన నూనె, మెడలో సిల్కు రుమాలు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. గుర్రం మాట వినకపోయినా, మనిషి మాట వినకపోయినా చెర్నాకోల పైకి లేచేది.

వాళ్ళకు మొదట పుట్టిన ఆడబిడ్డ బోర్లపడడం నేర్చుకుంటుండగానే అమ్మవారు పోసి చనిపోయింది. గురవమ్మ ఇంట్లో కూర్చుని ఏడవలేదు. తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయి గడప మీద కూర్చుంది.

"నా బిడ్డను తీసుకున్నావు, సరే. ఇంగొకదాన్ని ఇయ్యి. దానికి నీ పేరే పెడతా. నీ పేరు పెట్టుకున్న బిడ్డ జోలికి మాత్రం నువ్వు రాకూడదు" అని అమ్మతోనే ఒప్పందం చేసుకుని వచ్చింది.

ఆ తర్వాత ఏడాదే ఆదిమూలం బండి మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అందరిలాగే పుత్తూరులో ఎముకలు కట్టేవాళ్ళ దగ్గరికి పోయి కట్టు కట్టించుకున్నాడు. ఎముక చక్కగా అతుక్కుంది. కట్టు విప్పేసి ఎన్నాళ్ళో అయినా నొప్పి మాత్రం పోలేదన్నాడు. నెలనెలా పుత్తూరు పోయి రెండు రోజులుండి వచ్చేవాడు. ఎముక నొప్పి ఉన్నవాడు అత్తరు పూసుకుని బయలుదేరుతాడా అని గురవమ్మకు అనిపించకపోలేదు. కానీ అప్పటికి కడుపుతో ఉంది. చేతినిండా బట్టి పని. మింగి ఊరుకుంది.

బిడ్డ పుట్టింది. మళ్ళీ ఆడబిడ్డే.

"గంగులమ్మ అని పెట్టాల" అంది గురవమ్మ.

"మీ ఇంట్లో అందరికీ ఇదే వరసా మే. గంగులమ్మ, గురవమ్మ. పిలస్తా వుంటే బండరాయి దొర్లినట్టుండాది."

"ఆ బండరాయి నీడలోనే గదయ్యా నువ్వు కూడు తింటా వుండేది. నేను అమ్మకు మాటిచ్చినా. నీ సోకులన్నీ నీ గుర్రానికి కట్టుకో, బిడ్డకొద్దు."

"సరేలే, నీ ఇష్టం" అన్నాడు.

అతను అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే ఆమె అనుమానించాల్సింది. బాలింత బుర్ర, పట్టించుకోలేదు.

తొట్లలో వేసే రోజు వీధి వీధంతా వచ్చింది. ఆదిమూలం తొట్ల మీదికి వంగి, తమలపాకు అడ్డం పెట్టుకుని, బిడ్డ చెవిలో పేరు చెప్పాడు. తర్వాత లేచి నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు, "హేమసుందరి."

పాట పాడుతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. గురవమ్మ వైపు చూశారు. ఆమె పసుపు గిన్నె కింద పెట్టేసింది. నలుగురిలో మొగుడిని తీసిపారేస్తే ఆ మాట బిడ్డ మీద పడుతుందని పళ్ళు బిగపట్టింది. జనం పోయాక మాత్రం పట్టుకుంది.

"అమ్మకిచ్చిన మాట ఏం కావాల?"

"పేరులో ఏముండాది మే. కొత్తకాలం పేరు, సినిమా మాదిరి వుండాది."

"పేరులో ఏమీ లేకపోతే నేను చెప్పిందే పెట్టుండొచ్చు గదా."

"నాయన పెట్టిందే పేరు. ఇంగ నోరెత్తినావంటే మర్యాద దక్కదు" అని చెర్నాకోల తీసుకుని వెళ్ళిపోయాడు.

గురవమ్మ ఆ పూట ఓడిపోయింది. రాను రాను ఆ పేరు ఆమె నోటికి కూడా అలవాటైంది. ఇరుగుపొరుగు అలాగే పిలుస్తుంటే ఎంతకని కొట్టుకుంటుంది? కానీ బిడ్డ ఒళ్ళు రవ్వంత కాగినా అరచేతులు, పాదాలు తిప్పి చూసుకునేది. పొక్కు ఏమైనా లేచిందేమోనని దీపం దగ్గరికి తీసుకుపోయి వెతికేది.

ఒకరోజు పుత్తూరు నుంచి వచ్చిన దేవకమ్మ అనే యాత్రికురాలు కొండ దిగి బొరుగులు కొంటూ, బట్టి పక్కన తొట్లలో ఉన్న బిడ్డను చూసి పేరడిగింది. గురవమ్మ చెప్పింది. దేవకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏంది నవ్వేది?"

"ఏంలేదమ్మా. మా ఊర్లో ఆ పేరు గలామె ఒకతుండాది, డ్రామాల్లో పాడతాది. తిరపతి నుంచి జట్కా తోలే ఆయప్ప ఒకడు నెలనెలా వస్తాడు ఆమె కాడికి. చెయ్యి కట్టించుకునేదానికి వచ్చినోడంట. చెయ్యి బాగై ఎన్నాళ్ళో అయినా వదల్లేదు సూడు. మా వీధిలో పిల్లోళ్ళు గూడా ఆయప్పను చూస్తే కట్టు విప్పినారా అని అడగతారు."

 గురవమ్మ ఇంకొక పడి నిండా బొరుగులు కొలిచి దేవకమ్మ సంచిలో ఊరికే పోసింది. ఎందుకు పోసిందో దేవకమ్మకు తెలియదు, తెలుసుకోకుండానే ఊరికి వెళ్ళిపోయింది.

మొగుడు ఎవతె దగ్గరికో పోతాడన్నది ఆమెను అంతగా కాల్చలేదు. ఆ వీధిలో అలాంటి మొగుళ్ళు గుమ్మానికొకడు. తన బిడ్డ ప్రాణానికి అమ్మ దగ్గర కట్టుకున్న కంచెను పీకేసి, ఆ చోట ఆ పేరు పాతాడన్నదే కాల్చింది. ఆ పేరును తానే జోలపాటలో పెట్టి పాడింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇసుకలో గరిటె గట్టిగా గీసేది.

మొగుడిని ఒక్క మాట అడగలేదు. వేళకు సంగటి పెట్టింది. పుత్తూరు పోతానంటే చొక్కా ఉతికి ఇచ్చింది. చూసినవాళ్ళు గురవమ్మ మెత్తబడిందన్నారు. ఆమె గంగమ్మ జాతర కోసం ఎదురుచూస్తోంది.

ఆ జాతరలో బండ వేషమని ఒకటుంది. మొక్కుకున్న మగవాళ్ళు ఒళ్ళంతా ఎర్రగా పూసుకుని, తెల్లచుక్కలు పెట్టుకుని, వేపమండలు పట్టుకుని వీధుల వెంట తిరుగుతారు. ఆ వేషంలో ఉన్నవాడు మనిషి కాడు, అమ్మే. ఎంత పెద్దవాడినైనా నోటికొచ్చినట్టు తిట్టొచ్చు. తిట్లు తిన్నవాడు చేతులు జోడించాలే తప్ప కోప్పడకూడదు. కోప్పడితే అమ్మ మీద కోప్పడినట్టే.

గురవమ్మ తమ్ముడు చిన్నబ్బ ఏటేటా ఆ వేషం కట్టేవాడు. జాతర చాటింపు పడగానే ఆమె వాడిని బట్టి దగ్గరికి పిలిపించింది.

"ఈ ఏడు తిట్లు నేను చెప్తా, నువ్వు తిట్టాల" అని విషయమంతా చెప్పింది.

చిన్నబ్బ ఉడికిపోయాడు. అయినా కొంచెం జంకాడు. "అక్కా, బావ సంగతి నీకు తెలుసు గదా. చెయ్యెత్తుతాడు."

"ఎత్తాల. అందుకే గదరా. ఎత్తిందాకా ఆడ నుంచి కదలద్దు."

చిన్నబ్బ ఆమె ముఖంలోకి చూసి, "నీతో పగ పెట్టుకున్నోడు బాగుపడడు అక్కా" అని నవ్వుకుంటూ వెళ్ళాడు.

బండ వేషం రోజు చిన్నబ్బ పంబల డోళ్ళ మోతతో రైలుస్టేషను ముందర జట్కాలు నిలిచే చోటికి వచ్చాడు. ముందు కాఫీ అంగడి ఆయన్ను తిట్టాడు. ఆయన నవ్వుతూ దండం పెట్టాడు. మునిరామయ్య అని జట్కావాళ్ళలో పెద్దాయన ఉండేవాడు. ఆయన్ను పీనాసి ముసలోడా అని తిడితే, ఆయన కళ్ళకద్దుకుని వేపాకు తీసుకున్నాడు. అప్పుడు ఆదిమూలం వంతు వచ్చింది.

"ఒరే ఆదిమూలం. పుత్తూర్లో అందరికీ చేతికి కడతారు, కాలికి కడతారు. నీకు యాడ కట్టినార్రా, నెలనెలా పోయి విప్పించుకోని వస్తా వుండావు?"

జట్కావాళ్ళు పగలబడి నవ్వారు. ఆదిమూలం కూడా పళ్ళు బయటపెట్టాడు.

"నవ్వతా వుండావా. నా పేరు పెడతామని నీ పెండ్లాం నా గడప మీద కూర్చోని మాటిచ్చింది. నా పేరు తీసేసి ఎవతె పేరు పెట్టినావురా బిడ్డకు? చెప్పు, అందరూ వినాల."

నవ్వులు ఆగిపోయాయి. ఆదిమూలం ముఖం నల్లబడింది.

"నువ్వు చెప్పవు, నేను చెప్తా. నువ్వు అందగాడివని ఆమె తలుపు తీస్తా వుండాదనుకున్నావా? నీ బండి బాడుగ చూసి తీస్తా వుండాది. కన్నబిడ్డను ఎవతె పేరుతోనో పిలుచుకుంటా ముద్దులాడే నీకు మీసమెందుకురా, గొరిగెయ్యి."

చెర్నాకోల లేచింది. చిన్నబ్బ తప్పుకోలేదు, చేతిలోని వేపమండలు అడ్డం పెట్టాడు. దెబ్బకు ఆకులు రాలి మట్టిలో పడ్డాయి. పంబలు ఆగిపోయాయి.

ముందుగా మునిరామయ్య కదిలాడు. తన గుర్రాన్ని విప్పి దూరంగా తీసుకుపోయి కట్టుకున్నాడు. "అమ్మ మీద చెయ్యెత్తినోడి పక్కన నా గుర్రాన్ని నిలబెట్టను" అన్నాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే బండ్లు తీసేశారు. ఆ సాయంత్రం రైలు దిగిన యాత్రికులకు కూడా సంగతి చెప్పారు. ఆదిమూలం బండి ఎవరూ ఎక్కలేదు. మరుసటి రోజూ ఎక్కలేదు. నీళ్ళు మోసే ఆడవాళ్ళు అతన్ని చూసి పక్కకు తిరిగి నడిచారు.

చివరికి అతనే మునిరామయ్య దగ్గరికి పోయి ఏం చెయ్యమంటావన్నాడు.

"ఆడవేషం కట్టుకోని, బిడ్డనెత్తుకోని, అమ్మ కాడికి నడిచిపో అప్పా. తీసుకున్న పేరు ఆమెకు తిరిగిచ్చి రా."

ఆదిమూలం ఇంటికి వచ్చి పెళ్ళాం ముందర నిలబడ్డాడు. "ఇదంతా నీ పనే."

"నేను బట్టి కాడే వుండా. అమ్మ పలికింది."

"పలికింది నీ తమ్ముడు."

"వేషం కట్టినాక తమ్ముడు యాడుంటాడు? గమ్మునుండి తిను."

"రేపటికి చీర కావాల" అన్నాడు తల దించుకుని.

మొక్కు తీర్చుకునే మగవాళ్ళు ఇంట్లో ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, మురిపెంగా గుడికి పోతారు. ఆదిమూలం కూడా పెళ్ళిచీర ఇస్తుందనుకున్నాడు. గురవమ్మ బట్టి దగ్గర కట్టుకునే మసి చీర తీసుకొచ్చింది. తానే కుచ్చిళ్ళు పోసి ఊపిరాడకుండా బిగించింది. తన గాజులే అతని చేతికి ఎక్కించింది. మణికట్టు దగ్గర బలవంతంగా తోస్తుంటే అతను అమ్మా అన్నాడు.

"నొప్పా? పుత్తూరు పోదువా?"

అతను రెండో చెయ్యి కూడా చాచాడు.

గుడి ముందర జనం కిక్కిరిసి ఉన్నారు. చీరలు కట్టిన మగవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళనెవరూ వింతగా చూడలేదు. మసి చీరలో ఉన్న ఆదిమూలాన్ని మాత్రం అందరూ తోవ ఇచ్చి మరీ చూశారు. గురవమ్మ బిడ్డను అతని చేతుల్లో పెట్టింది.

అతను వంగి బిడ్డ చెవిలో గొణిగాడు. "గంగులమ్మ."

"అమ్మకు వినపళ్ళేదు" అంది గురవమ్మ.

అతను గొంతు పెంచాడు. "గంగులమ్మ."

గురవమ్మ పంబలవాళ్ళ వైపు తిరిగి ఆపమన్నట్టు చెయ్యి ఊపింది. మోత ఆగింది. జనం తిరిగి చూశారు. "ఇంగా వినపళ్ళేదు. ఏం పేరు తీసేసి ఏం పేరు పెడతా వుండావో సరిగ్గా చెప్పు."

అతను కళ్ళు మూసుకున్నాడు. "హేమసుందరి పేరు తీసేస్తా వుండా. గంగులమ్మ పేరు పెడతా వుండా" అని అరిచాడు. గొంతు మధ్యలో బొంగురుపోయింది. బిడ్డ జడుసుకుని ఏడ్చింది.

గురవమ్మ బిడ్డను తీసుకుని అమ్మ ముందర పడుకోబెట్టి, కుంకుమ పెట్టి, చేతులు, పాదాలు ఒకసారి తిప్పి చూసి, గుండెకు అదుముకుంది. బయటికి వచ్చి మునిరామయ్య జట్కా ఎక్కింది. వెనకాలే వచ్చి ఆదిమూలం మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"మొక్కు నడిచే తీరాలయ్యా" అంది. "తేరువీధిలో నుంచి రా. అడ్డదారిలో వచ్చినావంటే అమ్మకు తెలిసిపోతాది."

మునిరామయ్య గుర్రాన్ని అదిలించాడు. ఆదిమూలం మసి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని జనంతో నిండిన తేరువీధి వైపు నడిచాడు.