కంప్యూటరుకు ఉలవచారు తాళం

ఆ రోజుల్లో కంప్యూటరుకు ఉన్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. ఎనభైల చివర్లో ఢిల్లీలో నేను పనిచేసిన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో మా అందరికీ కలిపి నాలుగు ఫ్యాన్లు, ఉన్న ఒక్క కంప్యూటరుకు మాత్రం కార్పెట్ పరిచిన ఏసీ గది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. (మా పై అధికారి బడేసాబ్ గదిలోకి కూడా చెప్పులతోనే వెళ్లేవాళ్లం.) కంప్యూటర్ ట్రైనింగుకు సీనియర్లెవరూ ఒప్పుకోకపోవడంతో, ప్రొబేషన్‌లో ఉన్నవాడు కాదనలేడు కదా అని నన్ను పంపారు. పది రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ గదికి నేనే సర్వాధికారిని. వయసు ఇరవై నాలుగు. నడక మాత్రం జాయింట్ సెక్రటరీది.

నా హోదాకు ఒకే ఒక్క ముప్పు, మా టైపిస్టు దీదీ. తిలక్ నగర్ నుంచి వచ్చే పంజాబీ ఆవిడ, నాకన్నా పదేళ్లు పెద్ద. లంచ్‌లోనూ, చేతిలో పని లేనప్పుడూ అల్లిక సూదులు, ఊలు ఉండ పట్టుకుని ఆ గదిలో ఓ మూల కూర్చుని, నేను చేసేదంతా చూసేది. నేను పది రోజులు తిప్పలుపడి నేర్చుకున్నది ఆవిడ స్వెట్టరు సగమయ్యేలోపు నేర్చేసింది. ఓసారి అందరిముందూ, "భయ్యా, అంత కష్టం దేనికి? ఈ ఒక్కటి నొక్కితే హెడ్డింగు మధ్యలోకి వచ్చేస్తుంది కదా?" అనేసింది. వచ్చేసింది కూడా. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టేశాను. ఈ ఢిల్లీలో ఎవరి నోటా రాని మాట కావాలి. జనక్‌పురి అద్దెగదిలో మూడు నెలలుగా రాజ్మా తింటున్నవాడి మనసులో ఏముంటుంది? ఉలవచారు! ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. చివర్లో మెషీను రెండుసార్లు కుయ్ కుయ్ మంది. నా తెలివికి సలాం చేసిందనుకున్నాను. "అదేంటి భయ్యా?" అంది దీదీ మూలనుంచి. "సెక్యూరిటీ దీదీ. మీకు అర్థం కాదులెండి." "అచ్ఛా," అని ఆవిడ మళ్లీ అల్లికలో పడింది.

సోమవారం పొద్దున్న అసలు కథ మొదలైంది. పార్లమెంటులో అడిగిన ప్రశ్నకు మా శాఖ జవాబు పన్నెండింటికల్లా మంత్రిగారి ఆఫీసుకు చేరాలి. ఆ జవాబు నేను శుక్రవారమే కంప్యూటర్లో ఎక్కించేశాను. చేతిరాత కాగితాలు చింపి బుట్టలో కూడా వేశాను. (మెషీనులో ఉండగా కాగితమెందుకని దీదీకి ఉపన్యాసం కూడా ఇచ్చాను.) ఇప్పుడు ఉలవచారు అని కొడితే, తప్పు అంటోంది మెషీను. మళ్లీ కొట్టాను. తప్పే. 'చా'కు ఒక 'ఏ' పెట్టానా, రెండా? మా అమ్మమ్మ అన్నట్టు 'వులవచారు' అని కొట్టానా? అన్నీ చూశాను. మెషీను అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఇంజనీరు నోయిడాలో ఉన్నాడు, సాయంత్రానికి గానీ రాడన్నారు. పదకొండవుతుండగా బడేసాబ్ స్వయంగా వచ్చాడు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు, అంటే ఎంత కోపంగా ఉన్నాడో తెలిసిపోయింది.

"ఏం పాస్‌వర్డ్ పెట్టావు?"

"ఉలవచారు సార్."

"క్యా?"

"అది... కుల్థీ సార్. కుల్థీ ఉడికించి చేసే చారు," అని ఉలవలకు హిందీ మాట వెతికి చెప్పాను.

"కుల్థీ మా ఊళ్లో గుర్రాలకు పెడతారు. సర్కారీ కంప్యూటరుకు గుర్రాల దాణాతో తాళం వేశావా? పన్నెండింటికి కాగితం వెళ్లకపోతే నీ ప్రొబేషన్ సంగతి నేను చూస్తాను."

నాకు కళ్లముందు ఊరికి పోయే రైలు కనబడింది. అప్పుడు మూలనుంచి దీదీ సూదులు పక్కనపెట్టి లేచింది. "సునో భయ్యా. నీ మాటలో అక్షరాలెన్ని?"

వేళ్లమీద లెక్కపెట్టాను. పది.

"శుక్రవారం నువ్వు ఎనిమిది కొట్టేదాకా మెషీను ఊరుకుంది. తొమ్మిదోదానికి కుయ్ మంది, పదోదానికి మళ్లీ కుయ్ మంది. అంటే ఆ రెండూ అది తీసుకోలేదు. ఇవాళేమో పదీ మింగి తప్పంటోంది. ఎనిమిదే కొట్టి చూడు."

"మీకెలా తెలుసు?"

"పదిహేనేళ్లుగా టైపు కొడుతున్నా. పక్క టేబుల్ మీద తప్పు పడితే చెవికే తెలుస్తుంది. నువ్వేమో మేకులు దిగగొట్టినట్టు కొడతావు."

'ఉలవచా' దాకా కొట్టి ఆపాను. తెరుచుకుంది! ప్రింటరు కీచుమంటూ కాగితం కక్కుతుంటే నాకది సన్నాయిలా వినిపించింది. పన్నెండుకు పది నిమిషాలుండగా బడేసాబ్ ఆ కాగితాలు పట్టుకుని కారెక్కాడు. వెళ్తూ వెళ్తూ, "రేపటి నుంచి మెషీను మేడమ్ చూస్తుంది. నువ్వు ఆవిడ దగ్గర నేర్చుకో," అన్నాడు.

నేర్చుకున్నాను. దీదీ తన సగం స్వెట్టరు నా చేతులమీద కప్పి, కీబోర్డు చూడకుండా పదివేళ్లతో కొట్టడం నేర్పింది. మొదట్లో సిగ్గుపడ్డాను, తర్వాత ఆ లంచ్ గంట కోసం ఎదురుచూసేవాణ్ణి. సెక్షన్లో నా పేరు మాత్రం మారిపోయింది. 'ఉలవచా' దాకా వెళ్లి ఆగినవాణ్ణి కనుక, ఇంకో 'చా' వాళ్లే కలిపి 'ఉలవ చాచా' అన్నారు. ఇరవై నాలుగేళ్లకే ఊరందరికీ బాబాయినైపోయాను.

ఇప్పుడు మయూర్ విహార్ ఫ్లాట్‌లో నా లాప్‌టాప్ ఏ మాటా అడగదు, ముఖం చూసి తెరుచుకుంటుంది. మొన్న చలికి మంకీ క్యాప్ పెట్టుకుని దానిముందు కూర్చుంటే మాత్రం గుర్తుపట్టనంది. టోపీ తీసి, ఉన్న నాలుగు వెంట్రుకలు సవరించుకుని, "నేనేరా బాబూ," అన్నాను. తెరుచుకుంది. నున్నటి క్రాపుతో, జాయింట్ సెక్రటరీలా నడుచుకుంటూ ఇరవై నాలుగేళ్ల ఆ కుర్రాడే వచ్చి ఎదురుగా నిలబడితే ఇది తలుపు తీయదు. నేనైతే వాణ్ణి ఇట్టే గుర్తుపడతాను.