దగ్గుతో సహా

పోయిన నెలలో మా చిన్న మరిది పోయాడు. వినుకొండలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి పాడి, స్నేహితుడింట్లో పడుకుని, పొద్దున లేచి కాఫీ అడిగి, అది వచ్చేలోగా పోయాడట. కబురు తెచ్చిన, అతనితో డ్రమ్ములు వాయించే స్నేహితుడు మా గుమ్మంలో నిలబడి, “ముందు మీరు కూర్చోండి వదినగారూ” అన్నాడు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో అన్నం తిన్న ఆ మనిషి నన్నెప్పుడూ కూర్చోమన్న పాపాన పోలేదు. అప్పుడే అర్థమైంది. డాక్టరు గుండె అన్నాడట. నిజమే అయ్యుంటుంది. మామూలు జబ్బుకి లొంగి కాఫీ వదిలిపెట్టే రకం కాదు.

మీలో చాలామందికి అతని పేరు తెలియకపోవచ్చు, గొంతు మాత్రం తెలిసే ఉంటుంది. మిర్చి యార్డుకి వెళ్ళే ట్రాక్టర్ల మీద, దాచేపల్లి సిమెంటు లారీల్లో, గిటారు గోల మధ్య ఎవరితోనో పోట్లాడుతున్నట్టు బొంగురుగా పాడే గొంతు. “ఇదేం పాటండీ” అని విసుక్కుని, సాయంత్రానికి స్నానం చేస్తూ మీరూ అదే పాడుకుని ఉంటారు. మొహమాటపడకండి, నేనూ అంతే.

నేను కాపురానికి వచ్చేటప్పటికి అతనికి మొలకి లాగు నిలిచేది కాదు. అత్తగారు పోయాక అన్నం కలిపి పెట్టింది నేనే గనక “ఒరేయ్” అనే హక్కు నాకొచ్చింది, చివరిదాకా వాడుకున్నాను. గుంటూరులో డిగ్రీ చదవమని పంపిస్తే, హాస్టల్లో ఇంగ్లీషు రికార్డులు విని, జుట్టు పెంచి, గిటారు వీపున వేసుకుని బస్సు దిగాడు. మా ఆయన ఎగాదిగా చూసి, “పురుగుమందు కొట్టే డబ్బా అనుకున్నానే, అదైనా పనికొచ్చేది” అన్నారు. ఏమీ అనుకోలేదు, నవ్వాడు. పొట్టకి పెళ్ళిళ్ళలో సినిమా పాటలు, ప్రాణానికి సొంత పాటలు. అలా గడిచింది అతని బతుకు.

సొంత పాటలు కట్టింది మాత్రం మా మిరప కల్లంలోనే. ఎండిన కాయ రాశి ముందు ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తుంటే, ఎదురుగా బస్తా మీద కూర్చుని వాళ్ళ చేతుల వేగానికి గిటారు వాయించేవాడు. తల ఎత్తి తనవైపు చూశారా, ఆ పాట పక్కన పడేసేవాడు. “చేతులు ఆగితే అది కచేరీ వదినా. ఆగకుండా ఉంటేనే పాట” అనేవాడు. వాళ్ళకీ అలవాటైపోయి, పల్లవి అందుకునేవాళ్ళు. ఘాటుకి దగ్గుతూనే అందుకునేవాళ్ళు. అతనికీ మధ్యలో దగ్గు వచ్చేది. వరసలో ముందు కూర్చునే సుబ్బులు, కారం చేతులతో ముట్టుకోకూడదు గనక, తల ఎత్తకుండానే మోచేత్తో నీళ్ళచెంబు అతనివైపు తోసేది. “తాగు బాబూ. నీ దగ్గుకి తాళం లేదు” అనేది.

స్పీకరు పెట్టె కూడా ఆ కల్లంలోనే బస్తాల పక్కన ఉండేది. దాన్ని దులపకుండా పెదకాకాని దగ్గర ఒక పెళ్ళికి పట్టుకెళ్ళాడు. మొదటి దెబ్బకి పెట్టెలోంచి ఎర్రటి దుమ్ము లేచిందట. ముందు వరసలో వియ్యాలవారు తుమ్మలేక చచ్చారు, పెళ్ళికొడుకు మేనమామకి పంచె సర్దుకునే తీరికే దొరకలేదు. మనవాడు మైకులో, “క్షమించాలండీ, ఇవి మా ఊరి అక్షింతలు” అన్నాడట. తర్వాత ఆ వంశంలో ఎవరూ పిలవలేదు.

కల్లంలోనే టేపు రికార్డరు పెట్టి చేసుకున్న పాటలు ఎలాగో మద్రాసు చేరాయి. ఒక క్యాసెట్ల కంపెనీ ఆయన తెల్లచొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చాడు. దీనికోసం మా మరిది కాలేజీ రోజుల నించీ ఎదురుచూశాడు. ఆ పొద్దున గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు పాపం.

“పాటలు బాగున్నాయండి. మద్రాసులో మళ్ళీ రికార్డు చేద్దాం. కోరస్‌కి మా అమ్మాయిలు ఉంటారు. ఆ దగ్గులవీ లేకుండా శుభ్రంగా” అన్నాడాయన.

మరిది తల అడ్డంగా ఊపాడు. మా ఆయన ఉండబట్టలేక, “దగ్గుల కోసం మద్రాసు వదులుకుంటావట్రా?” అన్నారు.

“తాళం వాళ్ళ చేతులది అన్నయ్యా. చేతులు కావాలి, దగ్గులొద్దంటే ఎట్లా?”

అని నావైపు తిరిగాడు. “నువ్వేమంటావు వదినా?”

“ముందు ఆయన్ని భోంచెయ్యనీ. తర్వాత కల్లంలోకి తీసుకెళ్ళు. అక్కడ చెప్పమను, ఏది తీసెయ్యాలో” అన్నాను.

వెళ్ళారు. మరిది పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికల్లా తెల్లచొక్కా ఆయన కళ్ళు ఎర్రబడి, రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. వరసలోంచి సుబ్బులు, “ఏం బాబూ, మీ దగ్గు కూడా తీసేస్తారా?” అంది. అందరూ ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు, మంచివాడే. వెళ్ళేటప్పుడు, “మీరు మద్రాసు రాకపోతే మాత్రం కష్టమండి” అన్నాడు. మరిది బస్సు దాకా సాగనంపి వచ్చాడు. వెళ్ళలేదు. క్యాసెట్టు గుంటూరులో ఒక చిన్న కొట్లో కాపీలు తీయించుకున్నాడు, దగ్గుతో సహా.

బాధ లేదంటే అబద్ధం. రేడియోలో ఎవరి పాట వచ్చినా చెవి ఒగ్గి చివరిదాకా విని, “బాగా పాడాడు వదినా” అని లేచి వెళ్ళేవాడు. లేచే ఆ తీరు చూడలేక, వెనక్కి పిలిచి ఏదో ఒకటి తినమనేదాన్ని, అంతకంటే ఏం చేయగలను. వెళ్ళి ఉంటే ఎంతటివాడు అయ్యేవాడో నాకు తెలియదు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళ చేతులు పాటలోకి ఎక్కాయంటే, అతను వెళ్ళకపోబట్టే. అది మాత్రం తెలుసు.

మా మనవలు “గిటారు తాతయ్యా” అంటే మండిపడేవాడు. “నలభై దాటగానే తాతని చేశారు, మీ నాయనమ్మ పెంపకం ఇది” అని. పూర్తిగా తాత అయ్యేదాకా ఉండలేదు.

కర్మకాండ అయ్యాక కల్లంలో పని మొదలైంది, వాన పడితే కాయ నల్లబడుతుంది గనక. ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. చేతులు తలోదారిన కదులుతున్నాయి. కాసేపటికి సుబ్బులు, “పాట పెట్టండమ్మగారూ, పని సాగట్లేదు” అంది.

క్యాసెట్టు పెట్టాను. కాసేపటికి చేతులన్నీ ఒక్క దారిలో పడ్డాయి. టేపులో దగ్గేది ఎవరో, ఎదురుగా దగ్గేది ఎవరో తెలియడం లేదు. మూడో పాటలో, ఎప్పటిలాగే చరణం మధ్యలో, అతనికి దగ్గు వచ్చింది.

సుబ్బులు తల ఎత్తలేదు. మోచేత్తో నీళ్ళచెంబు అతను కూర్చునే బస్తావైపు తోసింది. పాట అయిపోయేదాకా చెంబు అక్కడే ఉంది. వెనక్కి ఎవరూ జరపలేదు.