తోక లేని కీబోర్డు, బొట్టు పెట్టిన కీబోర్డు

అనగా అనగా నాంపల్లిలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరుకు తోక లేని ఒక కీబోర్డు. మీరు ఊఁ కొడితే, మొన్న నవమినాడు ఆ కీబోర్డు నన్ను దేవుడిగది నేల మీద ఎలా కూర్చోబెట్టిందో చెబుతాను.

అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి పిల్లల పత్రికకు టైపు చేస్తున్నాను. తాళంచెవిని లోపలే ఉంచి పెట్టెకు తాళం వేసుకున్న రాజు కథ. పత్రికాయన సాయంత్రం బండికి వెళ్లిపోతారు. ఆలోగా స్టేషనులో ఆయన చేతికి కథ ఉన్న సీడీ అందకపోతే అమ్మమ్మ పేరు అచ్చులో ఉండదు.

అబిడ్స్‌లో కొన్న ఆ బ్లూటూత్ కీబోర్డును మా కంప్యూటరును నడిపే లినక్స్‌కు పరిచయం చేయడమే ఒక పెళ్లిచూపులు. తెర మీద నాలుగు సున్నాలు కొట్టాలి, వెంటనే కీబోర్డు మీదా అవే కొట్టాలి. కాస్త ఆలస్యమైతే ఇద్దరూ ముఖాలు తిప్పుకుంటారు. చివరకు కలిశారు! ఆ గర్వంతోనే పాత వైరు కీబోర్డును ఆయుధపూజకు ఇచ్చేశాను. అమ్మమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టి కత్తిపీట పక్కన కూర్చోబెట్టింది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా కదపకూడదు.

కథ సగంలో కరెంటు పోయింది. వచ్చింది. తెర పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. ఒక్క చుక్కా పడలేదు!

అప్పుడు అర్థమైంది. నేను లోపలికి వెళ్తే గానీ లినక్స్ బ్లూటూత్‌ను లేపదు. బ్లూటూత్ లేస్తే గానీ నేను లోపలికి వెళ్లలేను. నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఇంత చక్కని చిక్కుముడి ఎవరు వేశారు?

అబిడ్స్ దుకాణానికి ఫోన్ చేశాను. "మా దగ్గర గూడా పూజనే మేడం. సరుకంత పూజల ఉన్నది. రేపు రాండ్రి."

"అమ్మమ్మా, ఆ కీబోర్డు ఒక్కసారి..."

"పూజల పెట్టింది తీస్తరా ఏందే?"

"మరి నీ కథ?"

అమ్మమ్మ కాస్త ఆలోచించింది. "నేను కదపొద్దన్న. తాకొద్దన్ననా? నీ డబ్బానే గీడికి తే."

తెచ్చాను! ఆ బండరాయిలాంటి మానిటరును, వెనకాలే కంప్యూటరు పెట్టెను మోసుకొచ్చి, కత్తిపీట ఎదుట బాసింపట్టు వేసుకుని, బొట్టు కీబోర్డును కదపకుండా దాని తోకను పెట్టెకు తగిలించి, కుంకుమలో అక్షరాలు వెతుక్కుంటూ పాస్‌వర్డ్ కొట్టాను. తెర తెరుచుకుంది. ఆ క్షణంలోనే అవతలి గదిలో, బల్ల మీద, తోక లేని కీబోర్డు పచ్చదీపం వెలిగించుకుని కూర్చుంది! పంతానికి దాన్ని తాకలేదు. మిగిలిన కథంతా కుంకుమ వేళ్లతోనే ముగించి, స్టేషనుకు పరుగెత్తాను. సీడీ మీది ఎర్రటి వేలిముద్రలు చూసి పత్రికాయన, "దెబ్బ తగిలిందా అమ్మా?" అన్నారు.

ఈ కథ నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మ మాణిక్యమ్మ. నేను తిరిగొచ్చేసరికి అరుగు మీద పక్కింటి సుశీలక్కకు చెబుతోంది: "ఒక ఊర్లె ఒక పిల్ల ఉండె. తాళంచెవి పెట్టెలనే పెట్టి తాళమేసుకున్నది..."

కథలో రాజు ఊసే లేదు.