విజిల్ వినిపించే హెడ్‌ఫోన్స్

లండన్ పక్క క్రోయిడన్‌లో మా పై ఫ్లాట్ పుష్పలీల అక్క గురించి చెప్పబోతే ముందు నాకు కోపమే వస్తుంది. ఆమె మీద కాదు, వాళ్లాయన గోపాల్‌రావు మీద.

అక్కది వరంగల్. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లయింది. ఆమె, నేను ఒకే ప్రైమరీ స్కూల్లో పిల్లలకు లంచ్ వడ్డిస్తాం. ఇంటికి రాగానే అక్క ఫోన్‌లో పాత పాటలు పెట్టుకుని వంట మొదలుపెట్టేది. రోజు మొత్తంలో ఆమెది అనదగ్గది ఆ గంటన్నరే. గోపాల్‌రావు ఆఫీసు పని ఇంటికి మారాక అదీ పోయింది. వంటింటిని ఆనుకున్న డైనింగ్ టేబుల్ ఆయన ఆఫీసయింది. పాట మొదలైతే చాలు, "సౌండ్ బంద్ చెయ్, మీటింగ్ ఉంది" అనేవాడు. మూడేళ్లు ఆ ఇంట్లో పాట లేదు. మూడేళ్లు!

చివరికి అక్క గొడవపడితే, హెడ్‌ఫోన్స్ తెస్తానన్నాడు. వారం రోజులు రివ్యూలు చదివి, బయటి శబ్దాన్ని లోపలికి రానివ్వనివి ఏరి, సేల్‌లో కొన్నాడు. పెట్టుకునే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు. అవి బిగుసుకుని, కమ్మల వెనక మరలు చెవి కింద గుచ్చుకునేవి. అయినా పాట కోసం ఓర్చుకుంది.

రెండో రోజే పప్పు మాడింది. కుక్కర్ స్టవ్ మీద పెట్టి, అక్క పడగ్గదిలో బట్టలు మడతపెడుతూ పాటలు వింటోంది. మనం కుక్కర్ దగ్గర నిలబడం, గడియారమూ చూడం. విజిళ్లు లెక్కపెడతాం. చెవులు మూసుకుపోయాక ఇంకేం లెక్క? స్మోక్ అలారం మోగేసరికి నేను పైకి పరిగెత్తాను. గోపాల్‌రావు తలుపు తీసి, నేను చూస్తుండగానే వెళ్లి ఆమె తల మీంచి హెడ్‌ఫోన్స్ లాగేశాడు.

"మీటింగ్‌ల ఇజ్జత్ తీసినవ్! తొమ్మిది విజిల్స్ వచ్చినయ్. ఇనవడలేదా?"

అక్క ఆయన మొహంలోకి చూసింది. "తొమ్మిది మీరు లెక్కవెట్టిన్రు. లేచి స్టవ్ బంద్ చేస్తే ఏమాయె?"

"మీటింగ్‌ల ఉన్న గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. స్టవ్‌కు నాలుగడుగుల దూరంలో కూర్చుని తొమ్మిది దాకా లెక్కపెట్టిన మనిషాయన! పైగా ఆ హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లి తన చెవులకే తగిలించుకున్నాడు. ఆ రాత్రి నేను మా ఆయన్ని కూడా ఊరికే తిట్టాను.

మర్నాడు స్కూలయ్యాక అక్కా నేనూ హై స్ట్రీట్‌లో షాపుకు వెళ్లాం. అమ్మే అతను చూపించినవన్నీ చెవులు మూసేసేవే. ఇవి పెట్టుకుంటే ఇంట్లో ఏం జరుగుతున్నా వినబడదని మురిసిపోతూ చెబుతున్నాడు. అక్కకు తిక్కరేగింది. నాకు పాటా వినబడాలి, వంటింట్లో విజిలూ వినబడాలి, అలాంటిది ఉందా లేదా అని ఇంగ్లీషులో గట్టిగానే అడిగింది. అతను తెల్లబోయి కింది అరలోంచి ఒకటి తీశాడు. పల్చటి స్పాంజి, సన్నటి వైరు, పదమూడు పౌండ్లు. అది చెవిని మూయదు, మీద ఆనుకుంటుందంతే. కమ్మలనూ నొక్కలేదు.

అక్క దాన్ని ఫోన్‌కు తగిలించి పాట పెట్టుకుంది. నన్ను షాపు తలుపు దగ్గరికి పంపి, "గిరిజా, కుక్కర్ లెక్క విజిల్ కొట్టు" అంది. నాకు ఈల రాదు. సిగ్గు చంపుకుని "స్‌స్‌స్" అని అరిచాను. షాపులో వాళ్లంతా నావైపే చూశారు.

"ఇనవడ్డది," అంది అక్క. కొనేసింది.

మొన్న హాఫ్ టర్మ్ సెలవుల్లో వాళ్లింటికి వెళ్లాను. స్టవ్ మీద కుక్కర్ ఉంది. అక్క కిటికీ పక్కన కుర్చీలో కాళ్లు చాపుకుని పాట వింటోంది. టేబుల్ దగ్గర్నుంచి గోపాల్‌రావు "పుష్పా, చాయ్!" అని కేకేశాడు. అక్క కదల్లేదు. మళ్లీ కేకేశాడు. నేను లేవబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మూడో విజిల్ వచ్చింది. అక్క లేచి, స్టవ్ ఆపి, మళ్లీ వచ్చి కూర్చుంది.

గోపాల్‌రావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "విజిల్ ఇనవడ్తది గానీ, నేను పిలుస్తే ఇనవడదా?"

"ఇనవడ్డది. రెండుసార్లు పిలిచిన్రు," అంది అక్క, హెడ్‌ఫోన్స్ తీయకుండానే. "మీటింగ్‌ల ఉన్న."